ఆ క్యాప్సూల్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి

విశాఖపట్నం మెడికల్ షాపుల యజమానులకు, ఫార్మసిస్టులకు, కౌంటర్లో నిలబడే కుర్రాళ్ళకు, అమ్మాయిలకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఈ ఊళ్ళోనే ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. తల్లి కడుపులో పిండం ఎలా రూపు కడుతుందో పిల్లలకి చెప్పడం నా పని, మందులు అమ్మడం మీ పని. మన ఇద్దరికీ సంబంధించిన మందు ఒకటుంది. దాని పేరు ఐసోట్రెటినాయిన్. మొండి మొటిమలకి చర్మం డాక్టర్లు రాసే మెత్తటి క్యాప్సూల్. మీ అరల్లో 10, 20 మిల్లీగ్రాముల స్ట్రిప్పులుగా రకరకాల కంపెనీ పేర్లతో ఉంటుంది. దాన్ని చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వొద్దని, ఆడవాళ్ళకైతే చీటీ ఉన్నా సరే ఒక ప్రశ్న అడిగాకే ఇవ్వమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. గర్భిణులు వాడకూడదని ప్యాక్ మీదే అచ్చేసి ఉంటుంది కదా, కొత్తగా మీరు చెప్పేదేముందని అడగొచ్చు. ఎందుకు వాడకూడదో మాత్రం దాని మీద వివరంగా ఉండదు. అది తెలిశాక ఇవ్వడానికి మీకే చెయ్యి రాదని నా నమ్మకం. అందుకని కాస్త పాఠం చెబుతాను, ఓపిక పట్టండి.

మొన్నటి పెళ్ళిళ్ళ సీజన్లో మద్దిలపాలెం వైపు ఒక షాపులో బీపీ మాత్రల కోసం నిలబడ్డాను. నా ముందు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, వాళ్ళమ్మగారు. పెద్దమ్మాయి ఫోన్లో ఒక స్ట్రిప్ ఫొటో చూపించి "ఇవి రెండు షీట్లు ఇవ్వండి" అంది. కౌంటర్లో కుర్రాడు "పదా, ఇరవయ్యా?" అన్నాడు. అతను అడిగిన ప్రశ్న అదొక్కటే. బిల్లు కావాలా అంటే వద్దన్నారు. వాళ్ళమ్మగారు సంతోషం ఆపుకోలేక నావైపు తిరిగి, "రెండు నెలల్లో ముహూర్తం అండీ, ఈలోగా మొహం శుభ్రపడాలి కదా" అన్నారు. ఏ డాక్టర్ రాశారండీ అని అడిగాను. "దాని ఫ్రెండ్‌కి రాశారట, బాగా పనిచేసిందట" అన్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ మొహం ముడుచుకున్నారు, కుర్రాడు విసుక్కున్నాడు. శుభమా అని పెళ్ళి మాట చెబితే ఈవిడెవరు అడ్డం రావడానికి అనుకుని ఉంటారు. ఆ షాపు పేరు రాయను. ఆ ఒక్క షాపులోనే ఇలా జరిగేదైతే అక్కడే చెప్పి ఊరుకునేదాన్ని, లేఖ దాకా వచ్చేదాన్ని కాదు.

ఈ మందు కోర్సు మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు. పెళ్ళేమో రెండు నెలల్లో. అంటే ఆ అమ్మాయి క్యాప్సూల్ వేసుకుంటూనే కాపురానికి వెళ్తుంది. మన ఇళ్ళలో పెళ్ళయిన మూడో నెలకే "ఏమైనా విశేషమా?" అని అడగడం మొదలవుతుంది. మొహం మీద మచ్చ లేకుండా పెళ్ళిపీటల మీద కూర్చోవాలని తాపత్రయపడే అమ్మాయీ, కొద్ది వారాల్లో కడుపు పండే అవకాశం ఉన్న అమ్మాయీ ఒకరే. మీ కౌంటర్ ముందుకి వచ్చేవాళ్ళలో ఈ మందు అస్సలు పడకూడనిది ఆ అమ్మాయికే.

ఇక పాఠం.

గర్భం నిలిచిన రెండు వారాలకి పిండం అంటే చదునైన చిన్న బిళ్ళ, మిల్లీమీటరులో కొద్ది వంతు. దానికి మెడ, ఛాతీ, నడుము అని ఏమీ ఉండవు. సుమారు 14, 15 రోజులప్పుడు ఆ బిళ్ళ మీద ఒక అంచు దగ్గర సన్నటి గాడి పడుతుంది. దాన్ని ప్రిమిటివ్ స్ట్రీక్ అంటాం. గాడి పడ్డ అంచు రేపు తోక వైపు అవుతుంది, దానికి ఎదుటి అంచు తల వైపు. పై పొరలో ఉన్న కణాలు గాడి దగ్గరికి జరిగి, అందులోంచి లోపలికి దిగి, కింద పరుచుకుంటాయి. ఇక్కడినుంచి ప్రతి కణానికీ ఒక చిక్కు వచ్చి పడుతుంది. తాను ఉన్నది మెడలోనా, ఛాతీలోనా, నడుములోనా? అన్ని కణాల్లోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. పైనుంచి చూసి నువ్వు ఫలానా చోట ఉన్నావని చెప్పేవాళ్ళు లేరు. అయినా మెడలో పక్కటెముకలు మొలవవు, నడుములో చెవి మొలవదు.

కణానికి చోటు తెలిసే దారి ఒకటి రసాయనాల చిక్కదనం. కళ్ళకి గంతలు కట్టుకుని ఫిషింగ్ హార్బర్ నుంచి జగదాంబ వైపు నడుస్తున్నారనుకోండి, చేపల వాసన ఎంత ఘాటుగా తగులుతోందో దాన్నిబట్టి ఎంత దూరం వచ్చారో మీరు చెప్పగలరు. పిండంలో తోక కొస దగ్గర కణాలు వింట్, ఎఫ్‌జీఎఫ్ అనే రకాల ప్రొటీన్లని వదులుతాయి. అక్కడ అవి చిక్కగా ఉంటాయి, తల వైపు పోయేకొద్దీ పలచబడతాయి. తన చుట్టూ ఎంత ఉందన్నదే కణానికి ఆనవాలు. ఈ ఆలోచనకి 1969లో స్పష్టమైన రూపం ఇచ్చింది లూయిస్ వోల్పర్ట్. ఆయన మొదట చదివింది సివిల్ ఇంజినీరింగ్. కొలతల మనిషి కాబట్టే ఆ ప్రశ్న వేసి ఉంటాడని నాకనిపిస్తుంది.

ఇంకో దారి సమయం. గాడిలోంచి ముందు దిగిన కణాలు తల, మెడ వైపు చేరతాయి. ఆలస్యంగా దిగినవి వెన్ను కింది భాగానికి, నడుముకి వెళ్తాయి. ఈ లోగా కణాల్లో హాక్స్ జన్యువులు, అంటే ఒంట్లో ఏ చోట ఏ భాగం రావాలో తేల్చే జన్యువులు, ఒకదాని తర్వాత ఒకటి పని మొదలుపెడుతుంటాయి. మనిషిలో ఇవి 39. నాలుగు గుంపులుగా 2, 7, 12, 17 క్రోమోజోముల మీద ఉన్నాయి. గుంపులో ఒక కొసన ఉన్న జన్యువులు ముందు తెరుచుకుంటాయి, అవి మెదడు వెనక భాగానికి, మెడకి సంబంధించినవి. అవతలి కొసవి ఆఖర్న తెరుచుకుంటాయి, అవి నడుముకీ దాని కిందికీ. క్రోమోజోమ్ మీద జన్యువులు కూర్చున్న వరసా, ఒంట్లో పైనుంచి కిందికి అవి పనిచేసే వరసా ఒకటే. ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది, పిల్లలు నవ్వుకుంటారు. ఈ జన్యువుల సంగతి మొదట పండ్ల ఈగల్లో బయటపడింది. హాక్స్ జన్యువు ఒకటి తప్పు చోట పనిచేస్తే ఈగకి తల మీద మీసాలు ఉండాల్సిన చోట కాళ్ళు మొలుస్తాయి. ఈగ పిండం మీద చేసిన పనికి ఎడ్వర్డ్ లూయిస్, క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్‌లకి 1995లో నోబెల్ వచ్చింది.

మా ల్యాబ్‌లో 33 గంటలు పొదిగిన కోడిపిండం స్లైడు ఉంది. రంగు కాస్త వెలిసింది కానీ పనికొస్తుంది. మైక్రోస్కోప్ కింద పెడితే నడి వెన్నుకి రెండు పక్కలా చిన్న చిన్న ముద్దలు జతలు జతలుగా కనిపిస్తాయి. వీటిని సోమైట్లు అంటాం, వెన్నుపూసలూ పక్కటెముకలూ వీటి నుంచే వస్తాయి. తల వైపు ముద్దలు అంచులు తేలి, విడివిడిగా ఉంటాయి. స్లైడుని మెల్లగా జరిపితే కిందికి పోయేకొద్దీ అంచులు మసకబారతాయి. ఇంకా జరిపితే ముద్దలే ఉండవు, ఇంకా విడివడని కణాల పట్టీ మాత్రం ఉంటుంది. ఒకే పిండంలో పై భాగం ముందు తయారైంది, కింది భాగం ఇంకా తయారవుతోంది. కోడిలో సుమారు 90 నిమిషాలకి ఒక జత కడుతుంది. మనిషి కణాలతో ల్యాబ్‌లో చూసినప్పుడు దాదాపు 5 గంటలకి ఒక జత అని తేలింది. అంత నిదానంగా, ఒక్కో జతగా జరిగే పని ఇది. ఆ గంటల్లో బయటినుంచి తప్పు కబురు వెళ్తే సరిచేయడానికి రెండో అవకాశం ఉండదు.

ఆ తప్పు కబురు ఎలా వెళ్తుందో చెప్పాలంటే రెటినాయిక్ యాసిడ్ దగ్గరికి రావాలి.

తల్లి తిన్న తిండిలోని విటమిన్ ఎ రక్తం ద్వారా పిండానికి చేరుతుంది. పిండం నడిమి భాగంలో, అప్పుడే కట్టిన సోమైట్ల దగ్గర, ఒక ఎంజైము దాన్ని రెటినాయిక్ యాసిడ్‌గా మారుస్తుంది. తల వైపూ తోక కొసనా వేరే ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తాయి. కాబట్టి అది నడుమ ఎక్కువగా, రెండు కొసలా తక్కువగా ఉంటుంది. మెదడు వెనక భాగం, మెడ దగ్గరి కణాలు ఈ మోతాదుని బట్టే ఏ హాక్స్ జన్యువుని తెరవాలో తేల్చుకుంటాయి. ఇది చిన్న అణువు. కణం పొరలోంచి నేరుగా లోపలికి వెళ్ళి, కేంద్రకంలో డీఎన్‌ఏ మీద కూర్చున్న గ్రాహకాలకి (రిసెప్టర్లకి) అతుక్కుంటుంది.

మీ అరలో ఉన్న ఐసోట్రెటినాయిన్ రసాయన నామం 13-సిస్ రెటినాయిక్ యాసిడ్. పిండం వాడుకునే అణువూ ఇదీ ఒకటే, ఒక బంధం దగ్గర మెలిక మాత్రం వేరు. ఒంట్లోకి వెళ్ళాక ఇందులో కొంత ఆ మెలిక విప్పుకుని అచ్చంగా పిండం వాడే రూపంలోకి మారిపోతుంది. తల వైపు ఉండకూడదని పిండం పనిగట్టుకుని విరగ్గొట్టే పదార్థాన్ని తల్లి రోజూ 20 మిల్లీగ్రాముల చొప్పున మింగుతోందన్నమాట. ముందు వైపు ఉన్న కణాలు తాము ఇంకా వెనక ఉన్నామని లెక్క వేసుకుంటాయి.

ఇది నిజంగా జరుగుతుందా అన్నదానికి గట్టి రుజువు మన పక్క రాష్ట్రంలోనే దొరికింది. 1992లో భువనేశ్వర్‌లోని ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంవద మహంతి హెజ్మాడి, ఆమె సహచరులు తోకకప్పల తోకలు కత్తిరించి వాటిని విటమిన్ ఎ కలిపిన నీళ్ళలో ఉంచారు. మామూలుగా తోక తెగిన చోట తోకే మళ్ళీ మొలుస్తుంది. వీటికి కాళ్ళు మొలిచాయి. తోక కొసన ఉన్న కణాలు తాము నడుము దగ్గర ఉన్నామనుకున్నాయి. నేచర్ పత్రికలో అది అచ్చయినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆవిడ పేరున్న ఒడిస్సీ నర్తకి కూడా. వైజాగ్‌లో రైలెక్కితే ఒక పూటలో చేరే ఊళ్ళో ఇంత పని జరిగిందని మా పిల్లల్లో చాలామందికి తెలియదు, అది మా బోటి టీచర్ల లోపం. అంతకు ముందు ఏడాదే జర్మనీలో చూలు ఎలుకలకి రెటినాయిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే పిల్లల వెన్నుపూసలు ఒకదాని ఆకారం ఇంకోదానికి వచ్చాయి.

మనుషుల్లో రుజువు ప్రయోగశాలలో దొరికింది కాదు. 1982లో అమెరికాలో ఐసోట్రెటినాయిన్ మార్కెట్లోకి వచ్చింది. గర్భిణులకి వద్దన్న హెచ్చరికతోనే వచ్చింది. అయినా కొందరు పిల్లలు లోపాలతో పుట్టారు, 1985 నాటికి ఆ కేసులు కూడి ఒక పెద్ద నివేదిక వెలువడింది. కొందరికి చెవులు లేవు, లేదా మెలికపడిన చిన్న తునకలుగా ఉన్నాయి. గుండె నుంచి బయటికి వచ్చే పెద్ద రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయి. మెదడు వెనక భాగం, థైమస్ గ్రంథి సరిగ్గా ఏర్పడలేదు. చెవికీ గుండెకీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. మెదడు వెనక భాగం అంచు నుంచి బయల్దేరే కణాలే దవడకీ చెవికీ గుండె నాళాలకీ వెళ్తాయి. బయల్దేరిన చోటే లెక్క తప్పితే చేరిన చోటల్లా తప్పుతుంది. గర్భం తొలి వారాల్లో ఈ మందు పడి, ఆ గర్భం నిలిచి పుట్టిన పిల్లల్లో నూటికి 20 నుంచి 35 మందికి పెద్ద లోపాలు ఉంటాయని అంచనా. గర్భస్రావాలు దీనికి అదనం.

14 రోజులు దాటిన మనిషి పిండాన్ని ల్యాబ్‌లో పెంచడం మన దేశ మార్గదర్శకాల ప్రకారం నిషేధం. మరి ఆ తర్వాతి రోజుల సంగతి ఎలా చూస్తారంటే, ఇప్పుడు మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి పిండంలో కొంత భాగాన్ని పోలిన ముద్దలు తయారుచేస్తున్నారు. 2020లో కేంబ్రిడ్జ్ బృందం మనిషి మూలకణాలతో చేసిన గాస్ట్రులాయిడ్లు మూడు రోజుల్లో పొడవుగా సాగి, తల నుంచి తోక వరకు జన్యువుల వరసని చూపించాయి. వాటికి మెదడు లేదు, బిడ్డ అయ్యే వీలూ లేదు. 2023 నాటి క్యోటో పరిశోధనలో విటమిన్ ఎ జాతి పదార్థం అందినప్పుడే సోమైట్లు అంచులు తేలి చక్కగా కట్టాయి. తగినంత ఉంటే పిండానికి అది కావాల్సిందే. చాలకపోయినా ప్రమాదమే. 1933లో టెక్సస్‌లో ఫ్రెడ్ హేల్ విటమిన్ ఎ లేని తిండి పెట్టిన పందికి కనుగుడ్లు లేని పిల్లలు పుట్టాయి. కాబట్టి ఈ లేఖ చదివి ఎవరూ క్యారెట్టూ మునగాకూ మానేయక్కర్లేదు. వాటిలో ఉన్నది కెరోటిన్, ఒళ్ళు దాన్ని తనకి కావాల్సినంతే మార్చుకుంటుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. పీరియడ్ వచ్చిన సుమారు రెండు వారాలకి గర్భం నిలుస్తుంది. ఇంకో రెండు వారాలకి రావాల్సిన పీరియడ్ రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిండం మీద గాడి పడుతోంది. "టెన్షన్ వల్ల ఆలస్యమైందేమో" అని వారం పది రోజులు చూస్తారు. అప్పటికి మెదడు, వెన్నుపాము అయ్యే పట్టీ మడత పడుతుంటుంది. టెస్ట్ కిట్ కొని, రెండు గీతలు చూసి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి గర్భం నిలిచి 28 రోజులు దాటుతుంది. వెన్నుపాము గొట్టం అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. గర్భిణి అని తెలిశాక మందు ఆపుదాంలే అనుకుంటే ఆపేసరికి జరగాల్సింది చాలావరకు జరిగిపోతుంది. వేవిళ్ళు మొదలయ్యాక మీ షాపుకి వచ్చే ఆవిణ్ణి చూసి మీరు జాగ్రత్త పడతారు, నాకు తెలుసు. నేనడిగేది ఇంకా కడుపుతో లేని అమ్మాయి గురించి.

మన ఇళ్ళలో కడుపుతో ఉన్నావిడకి బొప్పాయి ముట్టనివ్వరు. గ్రహణం రోజు గది దాటనివ్వరు, కత్తిపీట పట్టుకోనివ్వరు. బిడ్డకి ఏదైనా లోపం ఉంటే ఆ రోజు ఏం తరిగావని కోడల్ని నిలదీస్తారు. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ పిండంతో ఏ పనీ లేదు. డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో ఉన్న స్ట్రిప్‌ని మాత్రం ఎవరూ అనుమానించరు. మొహానికి వాడేది కడుపులో బిడ్డని ఏం చేస్తుందిలే అనుకుంటారు.

నేను కోరేది పెద్దదేం కాదు. చీటీ లేకపోతే ఇవ్వకండి. ఫోన్లో ఫొటో చీటీ కాదు, ఫ్రెండ్ చీటీ చీటీ కాదు, అన్నయ్యకి రాసిన చీటీ మీద చెల్లెలికి ఇవ్వడం అసలే కాదు. చీటీ ఉన్న ఆడవాళ్ళని "పెళ్ళి గాని, పిల్లల ఆలోచన గాని దగ్గర్లో ఉందా అమ్మా?" అని అడగండి. మగ కుర్రాడు నలుగురి ముందు ఈ మాట అడిగితే అమ్మాయి సిగ్గుపడుతుంది, పక్కన తల్లి ఉంటే అబద్ధం చెబుతుంది. అందుకే తెలుగులో చిన్న కాగితం అచ్చేయించి స్ట్రిప్‌తో పాటు కవర్లో వేయండి. ఇలా రాస్తే చాలు: "ఈ క్యాప్సూల్ వాడుతున్నంత కాలం, ఆపిన తర్వాత కనీసం ఇంకో నెల వరకు గర్భం రాకూడదు. ఎవరితోనూ పంచుకోవద్దు. ఈ కాలంలో రక్తదానం చేయవద్దు. పీరియడ్ ఒక్కరోజు ఆలస్యమైనా క్యాప్సూల్ ఆపి డాక్టర్‌ని కలవండి." రక్తదానం మాట ఎందుకంటే ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో తెలియదు. మన కాలేజీల్లో క్యాంపులు పెట్టినప్పుడు వరసలో నిలబడేది మొటిమల వయసు పిల్లలే కదా.

సోరియాసిస్‌కి ఇచ్చే ఎసిట్రెటిన్ కూడా ఈ జాతిదే. ఒంట్లో చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టి దానికైతే ఆపాక మూడేళ్ళు ఆగాలి. ట్రెటినాయిన్ క్రీములు చర్మంలోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ, అయినా గర్భంలో వాడొద్దనే డాక్టర్లు చెబుతారు. మగవాళ్ళు వాడితే పుట్టబోయే బిడ్డకి ఈ భయం లేదు. మందు చెడ్డదని నేనడం లేదు. మొహం నిండా గడ్డలతో బయటికి రావడానికే ముఖం చెల్లని పిల్లలు దీంతో బాగుపడటం నేను నా క్లాసులోనే చూశాను. డాక్టర్ కనిపెట్టి చూసుకుంటూ వాడాల్సిన మందు, అంతే.

ఆఖరిగా ఇంకో కోరిక. ఎప్పుడో ఒకరోజు ఒకమ్మాయి మీ దగ్గరికే వచ్చి, ఆ క్యాప్సూల్ వాడుతున్నానని, నెల తప్పిందని గొంతు తగ్గించి చెబుతుంది. ఇంట్లో చెప్పుకోలేక మీ దగ్గరికి వస్తుంది. అప్పుడు ఆమె చేతిలో అబార్షన్ కిట్ పెట్టి పంపేయకండి. పైన చెప్పిన లెక్క ప్రకారమే చాలామంది పిల్లలు పెద్ద లోపాలేవీ లేకుండా పుడతారు. ఏ తేదీన ఆఖరి క్యాప్సూల్ వేసుకుంది, పీరియడ్ ఎప్పుడు వచ్చింది అన్నవి చూసి గైనకాలజిస్ట్ చెప్పాలి. గర్భం ఉంచుకుంటే 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, బిడ్డ గుండెకి విడిగా ఎకో చేయించుకోవచ్చు. క్యాప్సూల్ వెంటనే ఆపమనండి, ఈ రెండు తేదీలూ ఒక కాగితం మీద రాసివ్వండి, ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ అయినా ప్రైవేటు అయినా సరే అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపండి.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు,
విశాఖపట్నం